దుష్టాంగమా, దష్టాంగమా?

సీతమ్మధార డాక్టర్: మోస్ సర్జరీ గురించి పేషెంట్ల కోసం తెలుగులో రెండు పేజీలు రాస్తున్నా. "...ఖండించి శేషాంగశ్రేణికి రక్ష సేయు క్రియ" అన్న ముక్క నోట్లో ఆడుతోంది, ముందేముందో రావట్లేదు. ముక్కు మీదో కనురెప్ప మీదో బేసల్ సెల్ కార్సినోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) వస్తే చేసేది ఇదే: పలచటి పొర తీసి, అంచులకు రంగులద్ది, చల్లదనంతో గడ్డకట్టించి పలచగా కోసి, అడుగూ అంచూ మొత్తం మైక్రోస్కోప్‌లో చూసి, కణాలు మిగిలిన చోట మాత్రమే మళ్లీ తీయడం.

భీమిలి మాస్టారు: పోతన భాగవతం, సప్తమ స్కంధం. "అంగవ్రాతములోఁ జికిత్సకుఁడు దుష్టాంగంబు ఖండించి", అంటే అవయవాల్లో చెడినదాన్ని వైద్యుడు కోసేసి మిగతావి కాపాడినట్టు. హిరణ్యకశిపుడు కొడుకును చంపిస్తానంటూ అన్న మాట డాక్టర్ గారూ, పేషెంట్ల చేతికి ఇచ్చే కాగితంలో వద్దు.

మద్దిలపాలెం: మా నాన్నగారు "దష్టాంగంబు" అని చదివేవారు, పాము కరిచిన అవయవం. కాళిదాసు రఘువంశంలో "అంగుళీవోరగక్షతా", పాము కరిచిన వేలిలా, అని ఉండనే ఉంది. ష్టా ముందు ద అయినా గురువే, గణం చెడదు.

భీమిలి మాస్టారు: యతి కూడా చెడదండీ, అంతమాత్రాన అది పోతన పాఠం అయిపోదు. ఆ పక్క పద్యమే చూడండి, "అంగమునఁ బుత్రాకారతన్ వ్యాధి జన్మించెన్". కాటు బయటి నుంచి పడేది, ఇది ఒంట్లో పుట్టింది. కన్నకొడుకును వ్యాధి అనిపించి, ఆ తండ్రి కడుపుమంటనంతా ఒక్క సమాసంలో పెట్టాడు మహానుభావుడు!

సీతమ్మధార డాక్టర్: క్యాన్సరూ మన కణాల్లోంచి పుట్టేదే, నా ఓటు దుష్టాంగానికే. కానీ అంగం అంటే అవయవం మొత్తమా? మామూలు ఆపరేషన్‌లో ప్రమాదం తక్కువున్న గడ్డకు కూడా చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి తీస్తారు, రెప్ప మీద అదే చాలా ఎక్కువ. ఫ్రెడరిక్ మోస్ 1930లలో విస్కాన్సిన్‌లో జింక్ క్లోరైడ్ పేస్ట్ పట్టించి పొర పొరగా తీయడం మొదలుపెట్టింది, రోగం ఎంతవరకు పాకిందో అంతే తీయడానికి. నాకు కావలసింది ఖండించడం కాదు, ఆ "శేషాంగ" రక్ష.

గాజువాక: "అంగమునఁ" అన్నచోట అంగం ఒళ్లే కదా, "అంగవ్రాతము"లో మాత్రం అవయవాలు. పక్కపక్క పద్యాల్లో ఒకే మాటకు రెండర్థాలు, పోతన కావాలనే చేశాడు.

మద్దిలపాలెం: అర్థం తర్వాత. ఇంట్లో పాత అచ్చుప్రతి ఉంది, రేపు ఆ పేజీ ఫోటో పెడతా. దష్ట అని ఉంటే ఏమంటారు మాస్టారూ?

భీమిలి మాస్టారు: అచ్చుతప్పంటాను.