బాస్‌వెల్ యూరప్ తిరుగుడు: చదువా, నాన్న డబ్బుతో షికారా?

గోదారోడు: 18వ శతాబ్దంలో బ్రిటన్ కుర్రాళ్లు యూరప్ చుట్టి రావడం గొప్ప చదువని, జేమ్స్ బాస్‌వెల్ అనే రచయితే సాక్ష్యమని నిన్న ఇక్కడ ఒకాయన రాశారు. నాకది షికారులానే కనిపిస్తోంది. స్కాట్లండ్‌లో జడ్జి గారబ్బాయి. 1763 ఆగస్టులో, 22 ఏళ్లప్పుడు, లా చదువుతానని హాలెండ్‌లోని యుట్రెక్ట్ వెళ్లాడు. ఏడాది కూడా నిలవలేదు. జర్మనీ, స్విట్జర్లండ్, ఇటలీ, కోర్సికా, ఫ్రాన్స్ అన్నీ తిరిగి 1766లో ఇల్లు చేరాడు.

పాతపుస్తకం: రాసింది నేనే. యుట్రెక్ట్‌లో దిగులుతో వీధుల్లో ఏడ్చిన కుర్రాడు వాడు. అయినా నిలదొక్కుకుని చదివాడు. 1764 డిసెంబర్‌లో తత్వవేత్త రూసోని చూడ్డానికి స్విట్జర్లండ్‌లో మోటియే అనే పల్లెకు వెళ్లాడు. చేతిలో పెద్దవాళ్ల సిఫార్సు ఉత్తరం ఉంది. అది బయటికి తీయకుండా, తనే ఫ్రెంచ్‌లో ఉత్తరం రాసి పంపాడు! బంగారు జరీ ఎర్రకోటు, దానిమీద నక్క బొచ్చు లోపల కుట్టిన ఆకుపచ్చ కోటు వేసుకుని వెళ్లాడు. ఒంట్లో బాగాలేదని రూసో అంటున్నా వదల్లేదు, మళ్లీ మళ్లీ వెళ్లాడు. అదే నెలలో ఫ్రెంచ్ రచయిత వోల్టేర్‌నీ కలిశాడు. ఏ కాలేజీలో దొరుకుతుందండీ ఇది?

మ్యాపులపిచ్చి: చిన్న సవరణ. మోటియే అప్పట్లో స్విట్జర్లండ్ కాదు. న్యూషాటెల్ సంస్థానం, ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజు కింద ఉండేది.

గోదారోడు: మనుషుల్ని కలవడమే చదువైతే మా ఊరి టీకొట్టు యూనివర్సిటీ. ఆ ఎర్రకోటు ఎవరి డబ్బు? 1765 జనవరిలో ఇటలీలో దిగినవాడు అక్టోబర్ దాకా అక్కడే. నాన్న రమ్మంటుంటే పడవెక్కి కోర్సికా పోయాడు.

వరంగల్ పిల్ల: మీరు కొట్టుకోండి. నాకు యూరప్ వెళ్లే షెంగెన్ వీసా రెండుసార్లు రిజెక్ట్ అయింది.

పాతపుస్తకం: కోర్సికా దగ్గరే ఉంది అసలు సంగతి. ఇటలీలోని జెనోవా అనే నగర రాజ్యం మీద తిరగబడ్డ దీవి అది. అక్కడి నాయకుడు పావోలీతో గడిపి వచ్చి, 1768లో పుస్తకం వేశాడు. పేరొచ్చింది దాంతోనే. బుద్ధిగా ఇంటికి పోయుంటే ఆ పుస్తకమే లేదు. మీకు పుస్తకాలంటే చులకన, అంతే.

మ్యాపులపిచ్చి: మోటియే సంగతి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.

గోదారోడు: చులకనా? మా అన్నయ్య ఎమ్మెస్ కోసం నాన్న రెండెకరాలు అమ్మారు. డిగ్రీ కంటే ముందు పారిస్ ఫొటోలొచ్చాయి. మిగతా అప్పుకి వడ్డీ కట్టింది నేను, నా చదువు ఆపేసి. మీరు "అనుభవం" అంటుంటే ఒళ్లు మండదా?

పాతపుస్తకం: నేను నాన్న మాట విన్నవాణ్ణి సార్. చరిత్రలో పీజీ సీటొస్తే వదిలేసి బ్యాంకులో చేరాను. ముప్ఫై ఏళ్లు ఓచర్ల మీద సంతకాలు. బాస్‌వెల్ కూడా వచ్చిన ఏడాదే ఎడిన్‌బరోలో లాయరయ్యాడు, నాన్న కోరినట్టే. ఆ రెండున్నరేళ్లు కూడా వాడివి కాకూడదా?

గోదారోడు: వాడివే, కాదనను. వాడికి ఇద్దరు తమ్ముళ్లున్నారు. జాన్ సైన్యంలో చేరాడు. డేవిడ్‌ని వ్యాపారంలో పెట్టారు. డేవిడ్ కూడా యూరప్ వెళ్లాడు లెండి, స్పెయిన్‌లోని వాలెన్సియాకి, బతుకుతెరువు కోసం. మీ లెక్కల్లో డేవిడ్ ఎక్కడ?

పాతపుస్తకం: డేవిడ్ గురించి నేనెప్పుడూ ఆలోచించలేదండి.

మ్యాపులపిచ్చి: వాలెన్సియా అప్పుడూ స్పెయినే. ఇది మాత్రం కరెక్ట్.