ఆర్‌వీ-7ఏ ముందు చక్రం అదురుతోంది: ఫోర్క్ నట్టు ఎంత బిగించాలి?

ప్రశ్న (టెక్సస్ నుంచి)

నమస్కారమండి. వేరొకరు కిట్ నుంచి నిర్మించిన వ్యాన్స్ ఆర్‌వీ-7ఏ విమానాన్ని ఇటీవల కొన్నాను. దిగిన తరువాత వేగం తగ్గుతున్నప్పుడు ముందు చక్రం ఎడాపెడా అదురుతోంది. పన్నెండు నెలలకొకసారి చేయించవలసిన కండిషన్ తనిఖీ దగ్గరపడింది. విమానాన్ని నేను నిర్మించలేదు కాబట్టి ఆ తనిఖీపై సంతకం ఏ అండ్ పీ మెకానిక్ (విమాన శరీరం, ఇంజిన్ పనులకు లైసెన్సు ఉన్న మెకానిక్) చేయాలి, కానీ మరమ్మతు పని నేనే చేసుకోవచ్చు. చక్రాన్ని పట్టి ఉంచి పక్కలకు తిరిగే ఫోర్క్ నట్టును ఇంకాస్త బిగిస్తే సరిపోతుందా, లేక ముందుగా వేరేవి చూడాలా?

జవాబు 1

బిగించే ముందు కొలవండి. తోక కింది కట్టుడు రింగుకు తగినంత బరువు కట్టి, ముందు చక్రం నేలను తాకకుండా లేపి, స్ప్రింగ్ త్రాసును యాక్సిల్ (చక్రపు ఇరుసు) దగ్గర తగిలించి పక్కకు లాగితే, ఫోర్క్ కదలడానికి దాదాపు 22 పౌండ్లు, అంటే పది కిలోల బలం పట్టాలి. అంతకంటే బాగా తక్కువైతే మీరు చెప్పిన అదురు వస్తుంది. నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ కొలవండి. నట్టు వదులవకుండా ఆపే కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే పలుచని వాషర్‌తో సర్దుకోవాలే గాని, రంధ్రం కలపడం కోసం నట్టును వదులు చేయకూడదు.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, అయితే నాకు అంతకంటే ముఖ్యమనిపించేది బేరింగు. ఫోర్క్ గట్టిగా తిరగాలి, చక్రం మాత్రం తేలిగ్గా దొర్లాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే చాలామంది నట్టు దగ్గరే ఆగిపోతారు. యాక్సిల్ బోల్టును అతిగా బిగిస్తే బేరింగులపై ఒత్తిడి పెరిగి చక్రం బిగుసుకుంటుంది, ఆ నిరోధం ముందు చక్రాన్ని మోసే సన్నని ఉక్కు కాలును వెనక్కి వంచుతుంది, అప్పుడు ఫోర్క్ అడుగున ఉన్న నట్టు నేలకు దగ్గరవుతుంది. మెత్తని గడ్డి నేలపైనో, గుంతలోనో అది నేలలో గుచ్చుకుంటే కాలు కిందికి మడతపడి విమానం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే వ్యాన్స్ సంస్థ 2007 నవంబరులో ఒక సర్వీస్ బులెటిన్ ఇచ్చి, నట్టుకూ నేలకూ మధ్య ఎడం పెంచే కొత్త ఫోర్క్‌ను సూచించింది. మీ విమానంలో ఆ మార్పు జరిగిందో లేదో లాగ్‌బుక్కులో తప్పక చూడండి.

చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు గరగరలాడినా, చటుక్కున ఆగినా, బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టండి. టైరు గాలి తక్కువైనా, టైరు ఒకవైపే అరిగినా, చక్రం బ్యాలెన్స్ తప్పినా అదురు వస్తుంది.

జవాబు 3 (ఏ అండ్ పీ మెకానిక్)

కాలు ఇంజిన్ మౌంటులోకి (ఇంజిన్‌ను పట్టి ఉంచే చట్రంలోకి) దిగే చోటును మరువకండి. అక్కడి బోల్టు రంధ్రం కోలగా అరిగి ఉంటే కాలు మెలి తిరుగుతుంది, అప్పుడు పైన చెప్పిన కొలతకు అర్థం ఉండదు. మౌంటు వెల్డింగు అతుకుల మీది మురికిని తుడిచి, మంచి వెలుతురులో, భూతద్దంతో పగుళ్లు వెతకండి. రంగు పొర చిట్లినా, సన్నని తుప్పు గీత కనిపించినా ఆ చోటును వదలవద్దు. చక్రపు తొడుగుకూ టైరుకూ మధ్య ఎండిన బురద ఉందేమో కూడా చూడండి.

ఇవన్నీ సరిచేసిన తరువాత కూడా, దిగేటప్పుడు నియంత్రణ కర్రను (స్టిక్‌ను) వెనక్కి లాగి ఉంచి, వేగం తగ్గేవరకు ముందు చక్రంపై బరువు పడనివ్వకండి.