ఇంట్లో సర్వర్ ఇన్‌స్టాల్ చేయడానికి నెట్‌వర్క్ బూట్ కావాలా, పెన్‌డ్రైవ్ చాలదా?

మొదటిమెట్టు:
సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర మూడు పాత డెస్క్‌టాప్ యంత్రాలు ఉన్నాయి. ఒకదానిని ఫైళ్లు దాచుకోవడానికి, ఒకదానిని బ్యాకప్ కోసం, మూడోదానిని నేర్చుకోవడానికి సర్వర్లుగా మార్చాలని అనుకుంటున్నాను. వాటిలో రెండింటిని అటక మీద పెట్టాలి కాబట్టి వాటికి మానిటర్ తగిలించడం కష్టం. ఒక్కొక్కదానికి పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ చేయాలా, లేక పీఎక్స్ఈ (పెన్‌డ్రైవ్ లేకుండా యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి మొదలుపెట్టే పద్ధతి) ద్వారా బూట్ చేసి, లైనక్స్ రకాలైన డెబియన్‌ను గానీ ఉబుంటు సర్వర్‌ను గానీ ఎక్కించాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మా రౌటర్ సెట్టింగులలో బూట్ ఫైలు పేరు ఇచ్చే చోటు లేదు. ఆ కారణంతో ఈ ఆలోచన మానుకోవలసిందేనా?

తీగలబాట:
మానుకోనక్కర లేదు. నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే యంత్రం డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లోని పరికరాలకు చిరునామాలు పంచే పద్ధతి) ద్వారా రెండు సంగతులు అడుగుతుంది. తన చిరునామా ఏమిటన్నది మొదటిది, తాను తెచ్చుకోవలసిన బూట్ ఫైలు ఎక్కడ ఉందన్నది రెండోది. ఈ రెండు జవాబులూ ఒకే చోటి నుంచి రావాలన్న నియమం లేదు. 1999లో ఇంటెల్ వెలువరించిన పీఎక్స్ఈ 2.1 నిర్దేశంలోనే ప్రాక్సీ డీహెచ్‌సీపీకి చోటు ఉంది. చిరునామాను మీ రౌటర్ ఇస్తుంది, బూట్ ఫైలు వివరం మరో యంత్రం ఇస్తుంది. ఆ రెండో యంత్రంలో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రామ్ పెట్టి, డీహెచ్‌సీపీ పరిధిని రాసే వరుసలో ప్రాక్సీ అన్న మాట చేర్చితే అది ఎవరికీ చిరునామాలు పంచదు, పీఎక్స్ఈ అడిగినవాటికే బదులిస్తుంది. కొత్తవారు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ప్రాక్సీగా కాకుండా రెండో పూర్తి డీహెచ్‌సీపీ సర్వర్‌ను నడిపితే ఇంట్లోని పరికరాలలో కొన్ని దాని దగ్గర చిరునామా తీసుకుని ఇంటర్నెట్‌కు దూరమైపోతాయి.

మీ యంత్రాలు పాత బయోస్‌వో యూఈఎఫ్ఐవో (ఆన్ చేయగానే యంత్రాన్ని నడిపించే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో పాతది బయోస్, కొత్తది యూఈఎఫ్ఐ) ముందుగా చూసుకోండి. రెండింటికీ బూట్ ఫైళ్లు వేరు. యంత్రం తాను ఏ రకమో డీహెచ్‌సీపీ అభ్యర్థనలోని 93వ ఆప్షన్‌లో చెబుతుంది. పాత బయోస్ అయితే అక్కడ 0 ఉంటుంది, 64 బిట్ యూఈఎఫ్ఐ అయితే సాధారణంగా 7 ఉంటుంది. డీఎన్ఎస్‌మాస్క్ దానిని చూసి తగిన ఫైలును అందించగలదు.

పాతకాపు:
మూడే యంత్రాలున్న మనిషికి ఇవ్వవలసిన సలహా ఇది కాదని నా అభిప్రాయం. ఈ పద్ధతికి ముందు ఒక యంత్రంలో లైనక్స్ నడుస్తూ ఉండాలి, దానిలో డీఎన్ఎస్‌మాస్క్ ఉండాలి, బూట్ ఫైళ్లను పంపే టీఎఫ్‌టీపీ నడవాలి, ఇన్‌స్టాలర్ ఫైళ్ల కోసం వెబ్ సర్వర్ కావాలి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 67, 69, 4011 పోర్టులు తెరవాలి. ఒక్కచోట పొరపాటు జరిగితే తెర మీద రెండు పొడి మాటలు కనిపించి యంత్రం ఆగిపోతుంది, కారణం ఏమిటో చెప్పదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని బూట్ ఫైలును యూఈఎఫ్ఐ ఒప్పుకోదు కూడా. పెన్‌డ్రైవ్ సిద్ధం చేయడానికి పది నిమిషాలు పడుతుంది. అటక మీద పెట్టబోయే ముందు మూడు యంత్రాలనూ బల్ల మీదే మానిటర్‌కు తగిలించి ఇన్‌స్టాల్ చేస్తే ఒక మధ్యాహ్నంలో పని ముగుస్తుంది.

లెక్కలమనిషి:
టీఎఫ్‌టీపీ మాట వచ్చింది కాబట్టి దాని వేగం గురించి చెప్పాలి. 1992 నాటి ఆర్ఎఫ్‌సీ 1350 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలలో ఒకటి) ప్రకారం అది 512 బైట్ల ముక్కను పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే ఇంకో ముక్కను పంపుతుంది. 60 మెగాబైట్ల ఇనిట్‌ఆర్‌డీ ఫైలుకు (బూట్ మొదట్లో లైనక్స్ మెమరీలోకి తెచ్చుకునే ఫైలు) 1,22,880 ముక్కలు అవుతాయి. ఒక్కో ముక్కకు ఒక మిల్లీసెకను చొప్పున వేసుకున్నా రెండు నిమిషాలు దాటుతుంది. పైగా ముక్క సంఖ్యకు కేటాయించినవి 16 బిట్లే కాబట్టి 65,535 దాటాక లెక్క మళ్లీ మొదటికి రావాలి, దానిని కొన్ని పాత అమలులు తట్టుకోలేవు. 1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2348 ప్రకారం ముక్క పరిమాణాన్ని 1468 బైట్లకు పెంచితే 42,858 ముక్కలతో పని అవుతుంది.

తీగలబాట:
లెక్క సరైనదే, కానీ టీఎఫ్‌టీపీ మీద అంత బరువు మోపవలసిన అవసరం లేదు. పీఎక్స్ఈకి మెరుగైన రూపమైన చిన్న ఐపీఎక్స్ఈ ఫైలును మాత్రమే దానితో దించుకుని, లైనక్స్ మూల భాగమైన కెర్నెల్‌నూ ఇనిట్‌ఆర్‌డీనూ హెచ్‌టీటీపీతో తెచ్చుకుంటే గిగాబిట్ తీగ మీద ఒకటి రెండు సెకన్లలో వచ్చేస్తాయి.

లెక్కలమనిషి:
ఐపీఎక్స్ఈ మళ్లీ డీహెచ్‌సీపీని అడిగినప్పుడు సర్వర్ దానిని గుర్తుపట్టకపోతే అదే ఐపీఎక్స్ఈ ఫైలును తిరిగి అందిస్తుంది, యంత్రం అలాగే తిరుగుతూ ఉంటుంది. ఈ మాట కూడా చెప్పాలి కదా.

తీగలబాట:
నిజమే, చెప్పవలసింది. ఐపీఎక్స్ఈ అడిగేటప్పుడు తానెవరో చెప్పే యూజర్ క్లాస్‌ను పంపుతుంది. దానిని చూసి, ఈసారి ఫైలుకు బదులు, తర్వాత చేయవలసిన పనులు రాసిన స్క్రిప్ట్ చిరునామా ఇచ్చేటట్టు డీఎన్ఎస్‌మాస్క్‌లో ఒక వరుస రాయాలి.

గూటిపక్షి:
ఇదంతా తీగ ఉన్నచోటే. వైఫై మీద పీఎక్స్ఈ పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

పాతకాపు:
వేగాన్ని కాసేపు పక్కన పెడదాం. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌ను నెట్‌వర్క్ నుంచి నడిపితే అది మొత్తం ఐఎస్ఓను (ఇన్‌స్టాలర్ అంతా ఉన్న ఒకే పెద్ద ఫైలును) దించుకుని మెమరీలో పెట్టుకుంటుంది. 24.04 ఐఎస్ఓ రెండు గిగాబైట్లకు మించినది. పాత డెస్క్‌టాప్‌లో నాలుగు గిగాబైట్ల మెమరీ ఉంటే ఇన్‌స్టాలేషన్ ఊపిరాడక మధ్యలోనే ఆగిపోవచ్చు. అదే ఐఎస్ఓ పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఈ ఇబ్బంది లేదు. దీనికి తీగలబాట గారి సమాధానం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.

తీగలబాట:
సమాధానం డెబియన్. దాని నెట్‌బూట్ ఇన్‌స్టాలర్ చిన్నది, మొత్తం ఐఎస్ఓను మోయదు, కావలసిన ప్యాకేజీలను మిర్రర్ సర్వర్ (ప్యాకేజీల నకళ్లు ఉంచే సర్వర్) నుంచి ఒక్కొక్కటిగా తెచ్చుకుంటుంది. ప్రశ్న అడిగినవారు డెబియన్ పేరును ముందే చెప్పారు.

పాతకాపు:
ఉబుంటు పేరు కూడా చెప్పారు. మెమరీ ఇబ్బంది ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

తీగలబాట:
ఉంది. ఉందని ఒప్పుకున్నంత మాత్రాన పద్ధతి మొత్తం పనికిరానిదైపోదు. మీరు ప్రతి జవాబులోనూ ఒక కొత్త అడ్డంకిని తెస్తున్నారు, ఒకటి తీరగానే రెండోదానికి మారుతున్నారు. పెన్‌డ్రైవ్‌లో ప్రమాదమే లేనట్టు రాస్తున్నారు. నా అనుభవం చెబుతాను. ఒక రాత్రి ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌కు రాయడానికి, డిస్కు మీద నేరుగా రాసే డీడీ ఆదేశం ఇచ్చాను. డిస్కు పేరులో చివరి అక్షరం ఒకటి తప్పుగా కొట్టాను. ఐఎస్ఓ వెళ్లి నా బ్యాకప్ డిస్కు మొదట్లో కూర్చుంది. డిస్కులో ఏ భాగం ఎక్కడ ఉందో చెప్పే విభజన పట్టిక పోయింది, దానితో పాటు ఆరేళ్ల పని పోయింది. ఆ తర్వాతే నేను పెన్‌డ్రైవ్‌లు మానేసి నెట్‌వర్క్ బూట్‌కు వచ్చాను. ఇప్పుడు ఏ యంత్రాన్ని తిరిగి కట్టాలన్నా దానిని ఆన్ చేస్తే చాలు, ఇరవై నిమిషాలలో సిద్ధంగా ఉంటుంది. మీరు దీనిని ఒక్కసారైనా స్వయంగా చేసి చూశారా, లేక విన్నదానితోనే కొత్తవారిని భయపెడుతున్నారా?

రాత్రికాపలా:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగినవారు ఇంకా ఇక్కడే ఉన్నారు.

పాతకాపు:
చేసి చూడలేదు. నా ఇంట్లో జరిగినది చూశాను.

మా తమ్ముడికి ఈ విద్య మీద చాలా ఇష్టం. ఇంటి నెట్‌వర్క్‌లో పీఎక్స్ఈ సర్వర్ పెట్టాడు. తన ప్రయోగ యంత్రాలను వారానికోసారి చెరిపి మళ్లీ కట్టేవాడు కాబట్టి ఎవరూ ఏమీ నొక్కనక్కర లేకుండా, బూట్ అవగానే మొదటి డిస్కును తుడిచి ఇన్‌స్టాల్ చేసేటట్టు కిక్‌స్టార్ట్ ఫైలు (ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టే ఫైలు) రాసుకున్నాడు. అదే ఇంట్లో నా డెస్క్‌టాప్ కూడా అదే స్విచ్‌కు తగిలి ఉండేది. నా యంత్రంలో బూట్ వరుసలో డిస్కే మొదట ఉండేది కాబట్టి నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఒక రోజు కరెంటు పోయి వచ్చింది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అప్పటికే అయిపోయిందని మాకు తెలియదు. బయోస్ సెట్టింగులన్నీ పోయి, ఆ బోర్డుకు తయారీలో పెట్టిన వరుస తిరిగి వచ్చింది, దానిలో నెట్‌వర్క్ ముందుంది. కరెంటు రాగానే యంత్రం తనంతట తానే ఆన్ అయి, నెట్‌వర్క్‌ను అడిగి, వచ్చిన జవాబు ప్రకారం నడుచుకుంది. నేను గదిలోకి వచ్చేసరికి తెర మీద కొత్త సర్వర్ లాగిన్ అడుగుతోంది. మా నాన్నగారి చివరి రెండేళ్ల ఫొటోలు ఆ డిస్కులో ఉండేవి.

మీరు పొరపాటున అక్షరం తప్పు కొట్టారు, మీ డిస్కు పోయింది, మీ బాధ నాకు అర్థమవుతుంది. నేను ఏమీ కొట్టలేదు. ఎవరూ ఏమీ కొట్టలేదు. యంత్రాన్ని ఆన్ చేస్తే చాలునని మీరు గొప్పగా చెప్పిన గుణమే నాకు భయం కలిగించేది.

తీగలబాట:
చదివాను. నేను రాసిన చివరి వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. ఇది మొదటే చెప్పి ఉంటే మెమరీ గురించీ పోర్టుల గురించీ ఇంత వాదించుకునేవాళ్లం కాదు.

అయితే ఆ తప్పు ఎక్కడ ఉందో విడదీసి చూడాలి. పీఎక్స్ఈలైనక్స్ అనే బూట్ ప్రోగ్రామ్ అయితే యంత్రపు మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డుకు ఉండే ప్రత్యేక సంఖ్య) పేరుతో సెట్టింగుల ఫైలు ఉందేమో వెతుకుతుంది, లేకపోతే ఐపీ చిరునామా పేరుతో వెతుకుతుంది, ఏదీ దొరకనప్పుడే డిఫాల్ట్ అనే ఫైలును తీసుకుంటుంది. మీ తమ్ముడు తుడిచే ఆదేశాన్ని ఆ డిఫాల్ట్ ఫైలులో పెట్టి ఉంటారు. అక్కడ ఉండవలసినది సొంత డిస్కు నుంచి బూట్ అవ్వమనే ఆదేశం ఒక్కటే. తుడవవలసిన యంత్రం మ్యాక్ చిరునామాతో వేరే ఫైలు రాసి, పని అవగానే దానిని తీసేయాలి. నేను అలాగే చేస్తాను.

పాతకాపు:
మీరు చేస్తారు. ఇంట్లో ఆ సర్వర్ పెట్టిన ప్రతి ఒక్కరూ చేస్తారా? ఇంటి నెట్‌వర్క్ ఒకరి ప్రయోగశాల కాదు, దానికి తగిలి ఉన్న యంత్రాలు అందరివీ. తుడిచేముందు అవునని చెప్పే మనిషి ఒకరు ఉండి తీరాలన్నదే నా వాదన. పెన్‌డ్రైవ్‌ను నేను పట్టుకుని వేలాడుతున్నది అందుకే, దానిని దూర్చడానికి ఒక చెయ్యి కావాలి.

తీగలబాట:
ఆ మనిషి ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. యంత్రం ముందే నిలబడి ఉండాలన్నది మాత్రం ఒప్పుకోను. ఉబుంటు ఇన్‌స్టాలర్‌కు స్వయంచాలక ఫైలు ఇచ్చినా, కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశ వరుసలో ఆటోఇన్‌స్టాల్ అన్న మాట రాయకపోతే అది డిస్కును ముట్టుకోబోయే ముందు కొనసాగించాలా అని అడిగి ఆగుతుంది. ఆ మాట రాయమని ఎందరో సలహా ఇస్తారు, ఆ మాట వల్లే ఆ ప్రశ్న మాయమవుతుందని చెప్పరు. డెబియన్‌లో అలాంటిదే అయిన ప్రీసీడ్ ఫైలులో విభజనను ధ్రువీకరించే వరుసలను వదిలేస్తే అదీ అడిగి ఆగుతుంది. మానిటర్ లేని యంత్రమైతే నెట్‌వర్క్ కన్సోల్ అనే భాగాన్ని చేర్చి, వేరే కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లి ఆ ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు.

గూటిపక్షి:
ప్రీసీడ్ ఫైలులో పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు రాయవద్దు, హ్యాష్ చేసి (తిరిగి చదవలేని రూపంలోకి మార్చి) పెట్టండి. హెచ్‌టీటీపీలో ఉన్న ఫైలును నెట్‌వర్క్‌లో ఎవరైనా తెరిచి చదవగలరు. టీఎఫ్‌టీపీకైతే అడిగేవారు ఎవరో తెలుసుకునే ఏర్పాటే లేదు.

మొదటిమెట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ వారం మూడు యంత్రాలూ పూర్తి చేశాను. డెబియన్ తీసుకున్నాను. డిఫాల్ట్ ఫైలులో సొంత డిస్కు నుంచి బూట్ అవ్వమని రాశాను, మూడు మ్యాక్ చిరునామాలకు మూడు ఫైళ్లు పెట్టాను, విభజనను ధ్రువీకరించే వరుసలను వదిలేశాను. మొదటిసారి బూట్ ఫైలు దొరకలేదని వచ్చింది, చూస్తే ఫైర్‌వాల్‌లో 4011 తెరవలేదు. రెండో యంత్రం దగ్గర ఇన్‌స్టాలర్ ఆగి డిస్కుల జాబితా చూపినప్పుడు, దానిలో నేను మరచిపోయిన ఇంకో డిస్కు ఉందని తెలిసింది. దానిలో పాత మెయిళ్లు ఉన్నాయి. యంత్రాన్ని ఆపి, ఆ డిస్కు తీసి పక్కన పెట్టి, మళ్లీ మొదలుపెట్టాను.

పాతకాపు:
సంతోషం. ఆ డిస్కు చేతికి వచ్చింది కాబట్టి ముందు దాని నకలు తీయండి. పని అయ్యాక డీఎన్ఎస్‌మాస్క్‌ను ఆపేశారా?

మొదటిమెట్టు:
ఆపేశాను. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు తనంతట తాను మొదలవకుండా కూడా చేశాను.

తీగలబాట:
నాది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. డిఫాల్ట్ ఫైలు సరిగా ఉన్నంతవరకు ఆపవలసిన అవసరం నాకు కనిపించదు.

పాతకాపు:
నాకు కనిపిస్తుంది. ఇక్కడ మనం ఒక మాట మీదికి రాలేం.