మార్గిలాన్ పట్టు, రిష్తాన్ కుండలు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

చేనేతప్రియ: వచ్చే వేసవిలో అక్కా నేనూ ఉజ్బెకిస్తాన్ వెళ్తున్నాం. సమర్‌ఖండ్ గురించి బోలెడు సమాచారం ఉంది. మాకేమో ఫెర్గానా లోయలో నేతపని, కుండల పని చూడాలనుంది. ఎలా వెళ్లాలి, ఏం చూడాలి?

రైలుబండి: తాష్కెంట్‌లో ఆందిజాన్ రైలెక్కి మార్గిలాన్‌లో దిగండి. దారిలో 19 కిలోమీటర్ల కామ్‌చిక్ సొరంగం వస్తుంది. టికెట్లు ముందే తీసుకోండి. రిష్తాన్‌కు అక్కణ్ణుంచి టాక్సీ దొరుకుతుంది.

పుట్టపాక_కోడలు: చేనేతప్రియ గారూ, షాపింగ్ తగ్గించుకొనైనా సరే, చిటికి కట్టేచోట, అంటే రంగెయ్యకముందు దారాలకు ముడులు కట్టేచోట, ఎక్కువసేపు కూర్చోండి. మార్గిలాన్‌లోని యోద్‌గోర్లిక్ పట్టు కార్ఖానాలో పట్టుకాయల నుంచి దారం తీయడం మొదలుకొని మగ్గం దాకా అన్నీ చూపిస్తారు. మా అత్తగారింట్లో తేలియా రుమాళ్లు నేస్తారు కాబట్టి నా కళ్లు ముడుల మీదే ఉన్నాయి. మనం డబుల్ ఇక్కత్‌కి పడుగూ (నిలువు దారాలు) పేకా (అడ్డ దారాలు) రెండూ కట్టి రంగేస్తాం, మగ్గం మీద రెండూ కలవాలి. వాళ్లు పడుగు ఒక్కటే కడతారు, పేక ఒకే రంగు. అందుకే డిజైన్ నిలువుగా సాగి, అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. ఎంత బాగుంటుందో! మా మామయ్యగారు నా ఫోటోలను జూమ్ చేసి మరీ ముడులు చూశారు.

కొనేటప్పుడు జాగ్రత్త. అక్కడ ఆద్రస్ అనే బట్ట అమ్ముతారు, అంటే పట్టు పడుగు, నూలు పేక. బట్ట తిప్పి చూడండి, డిజైన్ వెనకా కనిపించాలి. వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు.

మట్టిమనిషి: రిష్తాన్‌లో ఆ నీలి మెరుపు ఇష్కోర్ అనే గ్లేజుది (కుండ మీద వేసే గాజులాంటి పూత). ఎడారి మొక్కల బూడిదతో చేస్తారు. మీరు కొనే పళ్లెం ఇష్కోర్‌దేనా, సీసం కలిసిందా అని తప్పకుండా అడగండి. సీసం ఉంటే అందులో అన్నం తినొద్దు, గోడకు పెట్టుకోండి. కుండలు చేసేవాళ్ల ఇళ్లలోనే వర్క్‌షాపులుంటాయి, అక్కడే కొంటే డబ్బు నేరుగా వాళ్లకే అందుతుంది.

చేనేతప్రియ: థాంక్యూ అండీ! అక్క పాతకాలం సుజనీ (చేత్తో కుట్టుపని చేసిన బట్ట) ఒకటి కొనాలంటోంది. మేం శాకాహారులం కూడా, తిండి సంగతి టెన్షన్‌గా ఉంది.

రైలుబండి: 50 ఏళ్లు దాటిన వస్తువుకు సాంస్కృతిక శాఖ సర్టిఫికెట్ లేకపోతే దేశం దాటనివ్వరు. కొత్తగా కుట్టింది కొని బిల్లు ఉంచుకోండి. తిండికి రొట్టె, టమాటా ఉల్లి సలాడ్, పళ్లు ఎక్కడైనా ఉంటాయి. పులావ్‌లో మాత్రం మాంసం ఉంటుంది. పొడులు పట్టుకెళ్లండి.

పుట్టపాక_కోడలు: ఇంకోటి. మార్గిలాన్ దగ్గర కుమ్‌తెపా సంత గురు, ఆదివారాల్లో. మగ్గాలు ఆడుతుండగా చూడాలంటే పనిరోజే వెళ్లాలి కాబట్టి, గురువారం పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి.