క్లచ్, ఫ్లైవీల్, క్రౌన్ మారిస్తే పికప్‌తో పాటు మైలేజీ కూడా పెరుగుతుందా?

హన్మకొండ_1200:
అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ 1.2 పెట్రోల్ చిన్న కారు, ఐదు గేర్ల మాన్యువల్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ జనగామ పోయి వస్తాను. లీటరుకు 18 వచ్చేది, నాలుగు నెలల నుంచి 15 దాటట్లేదు. మడికొండ దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామంటే ఇంజన్ మోత వస్తుంది గానీ బండి అందుకోదు. ఒక షెడ్డులో చూపిస్తే, గేర్‌బాక్స్ ఎలాగూ దించాలి కాబట్టి పర్ఫార్మెన్స్ క్లచ్, తేలిక ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం), షార్ట్ రేషియో క్రౌన్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు శక్తి అందించే చివరి గేరు, షార్ట్ అంటే అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ సార్లు తిరిగేది) అన్నీ వేసేద్దాం, పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయి అన్నారు. మొత్తం 70 వేలు. నిజంగా రెండూ పెరుగుతాయా? ఆదివారం లోపల చెప్పమన్నారు, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_గేర్‌బాక్స్:
తమ్మీ, అడ్వాన్స్ ఇయ్యకు. నువ్వు రాసింది చూస్తే క్లచ్ స్లిప్ అవుతున్నట్టుంది, అంటే క్లచ్ ప్లేటు జారి ఇంజన్ శక్తి పూర్తిగా చక్రాలకు పోవట్లేదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 స్పీడులో పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తొక్కు, ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే సార్లు) ముల్లు పైకి లేచి స్పీడు దాని వెంట రాకపోతే ప్లేటు అరిగినట్టే. ఒకట్రెండు సార్లు చాలు, ఎక్కువ చేస్తే ప్లేటు మాడిపోతుంది. స్లిప్ అయినప్పుడు నువ్వు పోసిన పెట్రోలులో కొంత ఆ ప్లేటు దగ్గర వేడిగా పోతుంది, మైలేజీ పడటానికి అది చాలు.

ఇక వాళ్ళు చెప్పిన మూడింటిని విడివిడిగా చూడు. పర్ఫార్మెన్స్ క్లచ్ అంటే ఎక్కువ టార్క్‌ని (తిప్పే బలాన్ని) జారకుండా పట్టుకునేది. జారని కంపెనీ క్లచ్‌కీ దానికీ మైలేజీలో తేడా ఏమీ ఉండదు, పైగా పెడల్ గట్టిగా ఉండి హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుడుతుంది. తేలిక ఫ్లైవీల్ వేస్తే ఇంజన్ చురుగ్గా లేస్తుంది, అది నిజమే, కానీ ఒకే స్పీడులో పోతున్నప్పుడు దాని బరువు ఎంతైనా పెట్రోలు ఖర్చు మారదు. బండి కదిలించేటప్పుడు మాత్రం ఆఫ్ అయిపోతుందని ఎక్కువ రేస్ ఇచ్చి లేపాల్సి వస్తుంది.

అసలు సంగతి క్రౌన్‌ది. నీ సైజు టైరు 80 స్పీడులో నిమిషానికి 680 సార్లు తిరుగుతుంది అనుకో. ఐదో గేర్ రేషియో 0.75, క్రౌన్ 3.9 అయితే ఇంజన్ 2000 ఆర్పీఎం దగ్గర ఉంటుంది, క్రౌన్ 4.3 చేస్తే అదే స్పీడుకి 2200 అవుతుంది. ఆ స్పీడులో బండిని లాగడానికి కావలసిన శక్తి మారదు, గాలిని చీల్చేది అంతే, టైర్లు దొర్లేది అంతే. కానీ ఇంజన్ ఎక్కువ సార్లు తిరిగితే లోపలి రాపిడికీ గాలి పీల్చుకోవడానికీ ఖర్చయ్యేది పెరుగుతుంది. అంటే పికప్ వస్తుంది, హైవే మైలేజీ తగ్గుతుంది. రెండూ పెరుగుతాయని చెప్పినవాళ్ళు నీకు సగమే చెప్పారు.

పరకాల_రోడ్డు:
అన్న చెప్పింది నేను అనుభవించాను. రెండేళ్ళ కింద షార్ట్ రేషియో వేయించాను. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్క వేస్తే హైవే మీద 19 ఉన్నది 17.5కి వచ్చింది. అందులో కొంత నా కాలు తప్పు కూడా, పికప్ దొరికాక తొక్కకుండా ఉండలేకపోయాను. ములుగు దాటి అడవి రోడ్డులో పోతుంటే బండి భలే ఉంటుంది, హైదరాబాద్ పోయేటప్పుడు మాత్రం ఆరో గేర్ ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఇంకో మాట, పెద్ద టైర్లు కూడా వేయిస్తే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, అప్పుడు నీ మైలేజీ లెక్కే తప్పుతుంది.

హన్మకొండ_1200:
మరి దీనికి ఉల్టా, లాంగ్ రేషియో వేస్తే మైలేజీ పెరగాలి కదా?

కాజీపేట_గేర్‌బాక్స్:
చదును రోడ్డు మీద, ఒక్కడివే పోతే కొంచెం పెరుగుతుంది. నలుగురు ఎక్కి ఏసీ వేశాక 1.2 ఇంజన్ ఐదులో లాగలేదు, ప్రతిసారీ నాలుగుకి దించుతావు, మిగిలింది అక్కడే పోతుంది. ఆ ఖర్చుకి అంత లాభం లేదు. గేర్ ఆయిల్ మాత్రం కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయించు, రక్షణ అని ఇంకా చిక్కటిది పోస్తే గేర్లు దాన్ని చిలకడానికే శక్తి పోతుంది, చలికాలం పొద్దున్నే గేరు కూడా గట్టిగా పడుతుంది.

కరీంనగర్_ఆటోమేటిక్:
ఆటోమేటిక్ వాళ్ళ కోసం ఒక మాట. టార్క్ కన్వర్టర్ (మామూలు క్లచ్ బదులు ఉండేది) బండిలో లాకప్ క్లచ్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపేది) పడేదాకా ఆయిల్ ద్వారానే శక్తి పోతుంది, కొంత జారుడు ఉంటుంది. గేర్‌బాక్స్ ట్యూనింగ్‌లో లాకప్ తొందరగా పడేట్టు, పై గేరు ముందే వచ్చేట్టు చేస్తే మైలేజీ కొంచెం పెరగొచ్చు. స్పోర్ట్ ట్యూన్ చేసి గేర్లను ఆలస్యంగా మార్పిస్తే తగ్గుతుంది.

హన్మకొండ_1200:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. టెస్ట్ చేశాను, ముల్లు ఒక్కసారిగా 3500కి లేచింది, స్పీడు 40 దగ్గరే. వేరే షెడ్డులో కంపెనీ క్లచ్ సెట్, రిలీజ్ బేరింగ్ వేయించి, ఫ్లైవీల్ మొహం సాపు చేయించాను, మొత్తం 11 వేలు అయింది. ప్లేటు రివెట్ల దాకా అరిగింది. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉందా అని మెకానిక్ అడిగాడు, ఉంది, మానేస్తున్నాను. మొన్న ఒకే బంకులో రెండుసార్లు ఫుల్ చేసి చూశాను, 17.6 వచ్చింది. కాజీపేట అన్నా, చాలా థ్యాంక్స్.