గ్రామంబంత గజమా, గ్రావంబంత గజమా?

శతకప్రియ:
నా కంప్యూటర్‌లో ప్రాసెసర్ టర్బో బూస్ట్‌ను ఆపడానికీ వదలడానికీ తెర మీద చిన్న మీట ఒకటి తయారు చేసుకుంటున్నాను. మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, పని మీద పడితే 4.2 దాకా ఎగబాకుతుంది. మీటకు తెలుగు పేరు వెతుకుతుంటే సుమతీ పద్యం ఒకటి సగం గుర్తొచ్చి వేధిస్తోంది: "లావుగలవాని కంటెను... గ్రామంబంత గజంబును మావటివాడెక్కినట్లు". రెండో పాదం ఏమిటి? టర్బోకు 'లావు' సరిపోతుందా?

యతిభంగం:
"భావింపగ నీతిపరుడు బలవంతుండౌ". అయితే అది గ్రామంబంత కాదండీ, గ్రావంబంత. కందంలో ప్రాసను తప్పించుకోలేం: లావు, భావిం, గ్రావం, మావ. మకారం దూరితే పద్యం అక్కడే కుంటుతుంది.

పాతకీబోర్డు:
మాకు బడిలో గ్రామంబంతే వల్లె వేయించారు. ఊరంత ఏనుగును ఊహించుకుని సంతోషించాం కూడా.

అరసున్న:
గ్రావమంటే కొండ, అందులో పేచీ లేదు. పేచీ లావు దగ్గర. పాత తెలుగులో అది బలం, ఒళ్లు కాదు. "లావొక్కింతయు లేదు" అని పోతన గజేంద్రుడు వాపోయింది మొసలి పట్టులో సన్నబడిపోయానని కాదు గదా! ఆ వెంటనే "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అంటాడు. వేడెక్కి వేగం తగ్గించుకునే ప్రాసెసర్‌కు అంతకన్నా మంచి వర్ణన దొరకదు.

యతిభంగం:
పోతనను తెస్తే నోరు మూయిస్తారనుకున్నారా? ఈ పద్యంలో ఏనుగును కొండతో పోల్చారు. అది ఆకారానికి పోలిక. లావు బలమైతే "బలం గలవాని కంటే నీతిపరుడు బలవంతుడు" అని బలం రెండుసార్లు వస్తుంది.

అరసున్న:
రెండుసార్లు రావడమే చమత్కారం. పైగా ఇక్కడ నీతి అంటే సత్ప్రవర్తన కాదు. మూలం 'నీ' ధాతువు, నడిపించడం. మావటి చేసేది అదే.

శతకప్రియ:
ఇది నాకు పనికొస్తుంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే భాగాన్ని గవర్నర్ అంటారు. దాన్ని మావటి అనేస్తే?

పాతకీబోర్డు:
గ్రీకు మూలంలో గవర్నర్ ఓడ చుక్కాని పట్టేవాడు. సరంగు అనండి. టర్బో అంటారా, లాటిన్‌లో సుడిగాలి, బొంగరం. నా ఓటు బొంగరానికే. పాత పీసీల ముందు టర్బో మీట ఉండేది, గుర్తుందా? పేరు టర్బో, అసలు ఉపయోగం నిదానింపజేయడం. 4.77 మెగాహెర్ట్జ్ లెక్కతో రాసిన ఆటలు కొత్త యంత్రాల మీద పట్టపగ్గాల్లేకుండా పరుగెత్తేవి మరి.

శతకప్రియ:
ఆ తిరకాసు ఇప్పటికీ పోలేదు. ఇంటెల్ ప్రాసెసర్లకు లినక్స్‌లో ఉండే ఫైలు పేరు 'నో టర్బో'. అందులో 1 రాస్తే టర్బో ఆగుతుంది, 0 ఉంటే ఆడుతుంది. ప్రాసెసర్ వేగాన్ని అదుపు చేసే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, వేరేదైతే ఆ ఫైలు పేరు 'బూస్ట్', అక్కడ 1 అంటే ఉన్నట్టే. మీట మీద ఏం రాయాలో తెలియక తల తిరుగుతోంది.

అరసున్న:
'నో టర్బో' సున్నాకు తెలుగులో మాట సిద్ధంగా ఉంది: లేకపోలేదు.

యతిభంగం:
లేకపోలేదు అంటే ఉందని కాదు. "అభ్యంతరం లేకపోలేదు" అనేవాడు ఉందని ఒప్పుకుంటూనే నసుగుతున్నాడు.

శతకప్రియ:
టర్బో కూడా అలాగే నసుగుతుంది. 0 అనుమతి మాత్రమే. వేడి, విద్యుత్ పరిమితి, ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) పనిలో ఉన్నాయో చూసుకునే ఎక్కుతుంది. ఒక్క కోరుకే బరువైన పని ఇస్తే 4.2 చూపింది, అన్నిటికీ ఇస్తే 3.5 దగ్గరే ఆగింది. ఫైలు చూసి నమ్మకూడదు, పని ఇచ్చి వేగం 2.4 దాటిందో లేదో చూడాలి. సరే, ప్రస్తుతానికి మీట మీద 'లావు' అని పెట్టాను.

పాతకీబోర్డు:
చూసినవాళ్లు అక్షరాల మందం పెంచే మీట అనుకుంటారు.

యతిభంగం:
చూశారా? లావంటే మందమే.

అరసున్న:
నేటి అర్థాన్ని పద్యం మీదికి ఎక్కించడానికి మీరేమైనా మావటివారా?