హెచ్ఎల్ఏ-బి27 ఉంది, మందు లేకుండానే వైరల్ లోడ్ కనపడట్లేదు.. అయినా హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టాలా?

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. మా బావగారి గురించి అడుగుతున్నా, ఆయన సరేనన్నాకే రాస్తున్నా. రక్తదానం చేసినప్పుడు హెచ్ఐవీ పాజిటివ్ అని బయటపడింది, అది జరిగి చాలా ఏళ్లయింది, ఇప్పటిదాకా మందు ముట్టలేదు, అయినా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎప్పుడు చూసినా 700 పైనే, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ చేయిస్తే ఏమీ కనపడలేదని వస్తోంది. ఈమధ్య నడుం నొప్పికి హెచ్ఎల్ఏ-బి27 టెస్ట్ రాస్తే అదీ పాజిటివ్. అప్పట్నుంచి నెట్‌లో చదివి "ఈ జీన్ ఉన్నోళ్లని హెచ్ఐవీ ఏం చేయలేదు, నాకు మందులక్కర్లేదు" అంటున్నారు. ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరుగారేమో ఇక లేట్ చేయొద్దు అంటున్నారు. అక్క ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు కుర్రోడు:
అన్నా నేనైతే ఆగమనే చెప్త. వైరస్సే కనపడనప్పుడు దేనికి వైద్యం చేస్తున్నట్టు? ఇట్లాంటోళ్లను ఎలైట్ కంట్రోలర్స్ అంటరు, హెచ్ఐవీ ఉన్నోళ్లల్ల వందకు ఒక్కరు కూడ ఉండరు. కాలిఫోర్నియాల లోరీన్ విల్లెన్‌బర్గ్ అని ఒకామె ఉన్నది, 1992ల పాజిటివ్ అని తెలిసింది, 2020ల ఆమెవి 150 కోట్ల కణాలు వెతికిన్రు, పనిచేసే వైరస్ ఒక్కటి దొరకలే. అర్జెంటీనాల ఎస్పెరాంజా ఊరామెది కూడ అంతే, 2021ల ఆ రిపోర్ట్ వచ్చింది. ఇంక మన దగ్గర సంగతి తెల్వదా, ఏఆర్‌టీ సెంటర్ల లైన్ల నిలబడ్డప్పుడు తెలిసినోడు ఎవడన్న చూస్తే ఊరంతా తెలుస్తది. జీవితాంతం రోజూ గోలీ వేసుకోమనుడు చిన్న ముచ్చట కాదు.

నల్లమల:
తమ్ముడూ, ఆ ఇద్దరూ ప్రపంచం మొత్తం వెతికితే దొరికిన వాళ్లు, వాళ్లని చూపించి ఇంకొకరి ప్రాణం మీద నిర్ణయం తీసుకోకూడదు. పైగా బి27 గురించి నెట్‌లో సగమే రాస్తున్నారు, మిగతా సగం చెప్తా వినండి. హెచ్ఎల్ఏ-బి అంటే కణం లోపలున్న వైరస్ ముక్కని పైకి తెచ్చి టీ సెల్స్‌కి (సోకిన కణాల్ని చంపే రక్షణ కణాలకి) చూపించే ప్రోటీన్, ఎవరిది ఏ రకం అన్నది అమ్మానాన్నల నుంచి వస్తుంది. బి27, బి57 అనే రకాలు పట్టుకునే ముఖ్యమైన ముక్కలు వైరస్ లోపలి గుల్ల (క్యాప్సిడ్) ప్రోటీన్‌లోవి, అక్కడ మారితే వైరస్సే బలహీనపడుతుంది కాబట్టి తేలిగ్గా మారలేదు, అందుకే వీళ్లలో చాలామందికి జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. ఇదంతా నిజమే. కానీ తేలిగ్గా మారదు అంటే ఎప్పటికీ మారదు అని కాదు కదా. 1997లోనే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు బి27 ఉన్న ఆరుగురిని చూస్తే 9 నుంచి 12 ఏళ్లు ఆ ముక్క కదలకుండా ఉండి, తర్వాత ఇద్దరిలో ఒక్క అమైనో ఆసిడ్ (ప్రోటీన్ కట్టే ఇటుకలాంటిది) మారింది, ఆ మార్పు వాళ్ల జబ్బు ముదరడంతో ముడిపడి ఉంది. అన్నేళ్లు బాగున్నాక! మీ బావగారు ఇన్నేళ్లు బాగున్నారు కాబట్టి ఇకమీదా బాగుంటారు అనడానికి ఈ జీన్ గ్యారంటీ ఇవ్వదు.

ఓరుగల్లు కుర్రోడు:
సరే అన్నా, అది ఆరుగురి మీద చేసిన స్టడీ. మరి 2010ల పెద్దది వచ్చింది, 974 మంది కంట్రోలర్స్‌ను 2,648 మంది మామూలు పేషెంట్లతోని పోల్చిన్రు, మొత్తం జీనోమ్ వెతికితే తేడా అంతా 6వ క్రోమోజోమ్ మీద ఆ హెచ్ఎల్ఏ దగ్గరనే తేలింది. అంటే జీన్ పవర్ అబద్ధం కాదు కదా.

నల్లమల:
అబద్ధమని నేనెక్కడన్నా తమ్ముడూ. పవర్ ఎంత అన్నదే మాట. 2015లో లెక్కేస్తే మనుషుల మధ్య వైరల్ లోడ్‌లో కనిపించే తేడాల్లో సుమారు 25 శాతమే పేషెంట్ జీన్స్ వల్ల, మిగతాది ఏ వైరస్ సోకింది, ఇంకా వేరే వేరే కారణాలు. బి57 ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఎలైట్ కంట్రోలర్స్ కారు. ఇంకో విషయం, హెచ్ఎల్ఏ-బి58లో 01 రకం కాపాడుతుంది, 02 రకం ఉన్న ఆఫ్రికా వాళ్లలో వైరల్ లోడ్ ఎక్కువ ఉంటుంది, రెండింటికీ తేడా మూడే మూడు అమైనో ఆసిడ్లు. అంత సన్నని తేడాల మీద నడిచే వ్యవహారాన్ని నడుం నొప్పి రిపోర్ట్ చూసి తేల్చేస్తే ఎలా?

అట్లాంటా తెలుగు:
ఇక్కడ చాలామంది కలిపేస్తున్నారు కాబట్టి ఒక మాట. అసలు హెచ్ఐవీ సోకకుండా ఆపేది వేరే జీన్, సీసీఆర్5. వైరస్ కణంలోకి దూరే తలుపుల్లో అది ఒకటి, అందులో 32 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన కాపీ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వస్తే ఆ తలుపే ఉండదు. ఉత్తర యూరప్ వాళ్లలో వందకి ఒకరికి ఉంటుంది, మనవాళ్లలో చాలా చాలా అరుదు. హెచ్ఐవీ నయమైన మొదటి మనిషి, బెర్లిన్ పేషెంట్ అని పిలిచే టిమోతీ రే బ్రౌన్‌కి 2007లో బ్లడ్ క్యాన్సర్ కోసం ఎక్కించిన మూలకణాలు అలాంటి దాతవే. కానీ రెండు కాపీలూ ఉండి కూడా హెచ్ఐవీ వచ్చినవాళ్లు కొద్దిమంది ఉన్నారు, సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకో దారి వాడే వైరస్ ఉంది కాబట్టి. బి27 అయితే ఇన్‌ఫెక్షన్‌ని ఆపేది కాదు, సోకాక నెమ్మది చేసేది.

ల్యాబ్ కోట్:
గోదావరి గట్టు గారూ, జీన్స్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మందు లేకుండా వైరల్ లోడ్ రావట్లేదంటే ముందు అడగాల్సింది ఒకటుంది, అది హెచ్ఐవీ-1 ఆ, హెచ్ఐవీ-2 ఆ? మన దేశంలో రెండోది తక్కువే కానీ ఉంది. మామూలుగా వాడే వైరల్ లోడ్ కిట్ హెచ్ఐవీ-1ని కొలిచేది, హెచ్ఐవీ-2 ఉంటే అది పట్టుకోకపోవచ్చు, పైగా హెచ్ఐవీ-2 సహజంగానే నెమ్మదిగా ముదురుతుంది. ఎఫావిరెంజ్ లాంటి మందులు దానిమీద పనిచేయవు కూడా. ఐసీటీసీ (హెచ్ఐవీ టెస్ట్ చేసే ప్రభుత్వ సెంటర్) రిపోర్ట్ తీసుకెళ్లి ఏ టైప్ అని స్పష్టంగా రాశారో లేదో చూపించండి, అనుమానం ఉంటే రిఫరల్ ల్యాబ్‌కి పంపిస్తారు. దయచేసి ఇది వదిలేయకండి.

గోదావరి గట్టు:
ఈ మాట ఇంతవరకు మాకెవరూ చెప్పలేదు మేడమ్. రిపోర్ట్ తీయిస్తాను. హెచ్ఐవీ-1 అనే తేలితే మరి?

ల్యాబ్ కోట్:
తేలినా నేను మందు వైపే. 35 దేశాల్లో జరిగిన స్టార్ట్ ట్రయల్ 2015లో చెప్పింది, సీడీ4 500 పైన ఉన్నప్పుడే మొదలుపెట్టిన వాళ్లకి తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి 57 శాతం తగ్గాయి. 2017 నుంచి మన దేశంలోనూ సీడీ4 ఎంతున్నా మందు ఇవ్వడమే పద్ధతి, అదీ ఉచితంగా.

ఓరుగల్లు కుర్రోడు:
మేడమ్ ఆ ట్రయల్ల ఎక్కువ శాతం వైరస్ కనపడే మామూలు పేషెంట్లే. ఎలైట్ కంట్రోలర్స్‌కు మందు ఇస్తే హార్ట్ ఎటాక్‌లు తగ్గినయని చూపిన పెద్ద ట్రయల్ ఒక్కటన్న ఉందా? లేదు.

ల్యాబ్ కోట్:
లేదు, ఆ మాట ఒప్పుకుంటా. కానీ చిన్న ట్రయల్స్ ఉన్నాయి, వీళ్లకి మందు ఇస్తే ఒంట్లో ఇమ్యూన్ సిస్టమ్ ఊరికే మండుతూ ఉండటం తగ్గింది. అమెరికాలో 2015లో వచ్చిన స్టడీలో ఎలైట్ కంట్రోలర్స్ మందుతో కంట్రోల్‌లో ఉన్నవాళ్ల కంటే ఎక్కువగా ఆసుపత్రిలో చేరారు, అందులో గుండె జబ్బుల వాటా పెద్దది. వైరస్ కనపడట్లేదు అంటే శరీరం దాన్ని అణచిపెట్టడానికి ఇరవై నాలుగు గంటలూ పోరాడుతోందని, ఆ పోరాటానికి ఖర్చు గుండె, రక్తనాళాలు కడుతున్నాయి.

ఓరుగల్లు కుర్రోడు:
గుండెది నాకు తెల్వదు, చదువుత. అయినా బలవంతం చేయొద్దంట, ఆయన ఆగుతనంటే కనీసం ఆర్నెల్లకోసారి వైరల్ లోడ్, సీడీ4 చూపించుకుంటా ఆగాలె, పెరిగిన రోజే మొదలుపెట్టాలె.

నల్లమల:
ఆగినా ఆ షరతు మీదే ఆగాలి, అక్కడ నీతో కలుస్తా. ఇంకోటి గోదావరి గట్టు గారూ, మీ అక్కగారికి, పిల్లలుంటే వాళ్లకి టెస్ట్ అయిందా? ఒకవేళ వైరస్ బి27 నుంచి తప్పించుకునే ఆ మార్పు చెంది ఉంటే అది అలాగే సోకుతుంది. బి27 ఉన్న తల్లుల నుంచి బి27 ఉన్న బిడ్డలకి మారిపోయిన వైరస్సే వచ్చి, ఆ జీన్ బిడ్డని కాపాడలేకపోయిందని 2001లోనే రాశారు.

ల్యాబ్ కోట్:
అవును, అది ముందు చేయించండి. మొదలుపెట్టే రోజున టీబీ, క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), హెపటైటిస్ బి కూడా చూడమనండి. హెపటైటిస్ బి ఉంటే టెనోఫోవిర్ (రెండు వైరస్‌ల మీదా పనిచేసే ఏఆర్‌టీ మందు) మధ్యలో సొంతంగా ఆపేయకూడదు, లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు, ఆ సంగతి బావగారికి మొదటిరోజే చెప్పాలి.